పచ్చసంచి కంపు

పోయిన వారం అశ్వినిని మొగిలికుంట గట్టు మీద, ముక్కు మూసుకుని నిలబడిన చోట వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆ కంపులోనే నిలబెట్టినందుకు ముందు ఆవిడకు క్షమాపణ చెప్పాలి. సంగతి తెలిసిందే కదా. సకల జనుల సమ్మె మొదలయ్యాక మియాపూర్ డిపోలో బస్సులు పెట్టినచోటే ఉన్నాయి. షేర్ ఆటోవాళ్ళు నోటికి ఎంతొస్తే అంత అడుగుతున్నారు. అందుకని హఫీజ్‌పేటలోని కిరాయి ఇంటి నుంచి తను పాఠాలు చెప్పే మేధావని విశ్వవిద్యాలయానికి నడిచి వస్తూ, దగ్గరి దారి కదా అని అశ్విని మొదటిసారి వెనకగోడ వైపున్న కుంట గట్టు ఎక్కింది. ఎక్కిందో లేదో, గోడ లోపలి నుంచి ఒక సంచి పైకి లేచి వచ్చి ఆమె కాళ్ళ ముందు ధబ్బున పడింది. మూతి విడిపోయి సాంబారన్నం, సగం కొరికిన చపాతీలు, పెరుగు, గుడ్డుసొన అన్నీ కలగాపులగంగా ఆమె చెప్పుల మీదకు చిందాయి.

అది ప్లాస్టిక్ కవరు అయివుంటే ఈ కథ ఇంకోలా నడిచేది. తిన్నది అరగని పిల్లలెవరో అని తిట్టుకుని, చెప్పులు దులుపుకుని వెళ్ళిపోయేది. కానీ అది గుడ్డసంచి. పచ్చసంచి. దాని మీద తెల్లటి అక్షరాలతో ‘తగ్గిద్దాం’ అని అచ్చువేసి ఉంది. ఆ మాట ఎంచింది అశ్విని. ఆ రంగు ఎంచింది అశ్విని. చదువులు మొదలైన కొత్తలో హాస్టల్ పిల్లలందరికీ తలా ఒక సంచీ తన చేతులతో పంచి, ఇక మీదట క్యాంపస్‌లో ప్లాస్టిక్ కవరు కనిపించకూడదని ఖండితంగా చెప్పిందీ అశ్వినే. పిల్లలు మాట నిలబెట్టారు. గట్టు మీద ప్లాస్టిక్ కవరు ఒక్కటి లేదు. కనుచూపు మేరా పచ్చసంచులే.

కొన్ని నీళ్ళలో తేలుతున్నాయి. కొన్ని తుమ్మకంపకు చిక్కుకుని పిగిలిపోయి ఉన్నాయి. నీటి అంచున అన్నం ఉబ్బిపోయి తెట్టెకట్టింది, ఆ తెట్టె మీద ఈగలు ముసిరి తెట్టెనే నల్లగా మార్చేశాయి. రెండు పందులు మోకాళ్ళ లోతు బురదలో నిలబడి తీరుబడిగా మేస్తున్నాయి. అశ్విని ఒక అడుగు వెనక్కి వేసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది.

“మంచిగ చూడు మేడమ్. ముక్కు గట్టిగ పట్టుకొని చూడు.”

వెనక నుంచి వినిపించిన గొంతు రత్నమ్మది. మొగిలికుంట బస్తీలో ఉంటుంది, పొద్దున్నే మియాపూర్ అపార్ట్‌మెంట్లలో పనికి పోతుంది. చంకలో గంప ఉంది, గంపలో గునుగుపూలు, తంగేడుపూలు. గట్టు మీద పూలు కోయడానికి వచ్చి, ఈ గోడ లోపలి మేడమ్ ఇక్కడేం చేస్తోందా అని ఆగింది.

“ఎప్పటి నుంచి పడుతున్నాయి ఇవి?” అంది అశ్విని.

“ఎండకాలం పోయినంక సురువైంది. ముందుగాల గిట్ల లేకుండె. ఇప్పుడు పొద్దుమాపు పడుతున్నయ్. గేటుకాడికి పోయి అడిగితే ఏమన్నరో ఎరికెనా? లోపట అంతా సాఫ్ ఉన్నదట. మెస్సుల మెతుకు కూడా పారేస్తలేరట, బోర్డు మీద రాసుకున్నరట. గిదంత మీ బస్తీ చెత్తనే అన్నరు. మా బస్తీల చపాతీ సగం కొరికి పారేసేటంత బలిసినోళ్ళు ఎవలున్నరు మేడమ్, నువ్వే చెప్పు!”

ఆ బోర్డు పెట్టించింది కూడా అశ్వినే మరి.

“రేపు సద్దుల బతుకమ్మ,” అంది రత్నమ్మ. ఈసారి గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపించింది. “మా అత్త కాలం నుంచి గీ కుంటలనే ఏస్తున్నం. గౌరమ్మ పసుపు గీ నీళ్లల్ల తడిపి పుస్తెలకు అద్దుకుంటం. గీ నీళ్లు, థూ, పుస్తెలకు ముట్టిచ్చుకోవాల్నా? బతుకమ్మను ఏడ ఎయ్యాలె మేము?”

అశ్వినిది కదిరి పక్క పల్లె. బిందెడు నీళ్ళ కోసం వాళ్ళమ్మ ఎండలో ఎంత దూరం నడిచేదో, తెచ్చిన నీళ్ళలో ఒక చెంబు ఒలికిస్తే వీపు ఎలా చిట్లగొట్టేదో మరిచిపోయే మనిషి కాదు. నీళ్ళలో అన్నం పారేయడం అనేది ఆమెకు చదువుకుని తెలుసుకున్న తప్పు కాదు, దెబ్బలు తిని తెలుసుకున్న తప్పు.

“రేపు సాయంత్రంలోగా ఇదంతా తీయించి కుంట బాగుచేయిస్తాను. నా మాట నమ్మక్కా.”

“నువ్వెవరు?”

“ఈ సంచులు పంచింది నేనే.”

రత్నమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. “అయితే నీదే జిమ్మ,” అని పూచీ అంతా ఆమె మీద పెట్టి, గంప సర్దుకుని గట్టు దిగింది.

ఇక అశ్విని చేసిన పని చూడండి. పరువు గల అధ్యాపకురాలెవరూ చేయని పని. వంగి ఆ సంచి మూతి బిగించి పట్టుకుని, కారుతున్నదాన్ని కారుతున్నట్టే మోసుకుంటూ, చుట్టూ తిరిగి ముందుగేటుకు వచ్చింది. గేటు దగ్గర కాపలా ఉండే లింగయ్య సెల్యూట్ కొట్టబోయి ముక్కు మూసుకున్నాడు. “గదేంది మేడమ్, అంత కంపు?” అన్నాడు. “మనదే లింగయ్యా,” అని ఆగకుండా లోపలికి నడిచింది.

మేధావనిలో అడుగుపెట్టగానే కనిపించేది పెద్ద కొలను. అడుగున నీలం పలకలు, మధ్యలో ఫౌంటెన్. బొగ్గు గనుల్లో సమ్మె కట్టి, ఊరంతా కరెంటు కోతలతో ఉడికిపోతోంది. ఇక్కడ మాత్రం వెనకాల జనరేటర్ డీజిల్ పొగ కక్కుతూ గర్జిస్తోంది, ముందు ఫౌంటెన్ ముత్యాలు చల్లుతోంది. ఆ కొలనుకు నీళ్ళు వెనకగోడ వారన వేసిన బోర్ల నుంచి వస్తాయి. ఆ బోర్లకు ఎక్కడి నుంచి వస్తాయో అనంతపురం జిల్లా పిల్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఆ కొలను పక్కనుంచే వచ్చింది, పోయింది. ఈ రోజు దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండింది.

మెస్‌లో ఆ మధ్యాహ్నం పండగ వాతావరణం. ఎందుకంటారా? చెబుతాను, నవ్వకుండా వినండి. అశ్విని పెట్టిన ‘తగ్గిద్దాం’ పోటీ ఇలా ఉంటుంది. భోజనం చేసి వెళ్ళేటప్పుడు పళ్ళెంలో మిగిలింది గుమ్మం దగ్గరి డబ్బాలో వేయాలి. డబ్బా కాటా మీద ఉంటుంది. ఏ హాస్టల్ పిల్లలు ఎంత పారేశారో బోర్డు మీద పడుతుంది. నెలలో అందరికంటే తక్కువ పారేసిన హాస్టల్‌కు బహుమానం. ఆ బహుమానం ఏమిటో రిజిస్ట్రార్ రామబ్రహ్మంగారు నిర్ణయించారు. విందు! తక్కువ పారేసినవాళ్ళకు చికెన్ బిర్యానీ, ఖుబానీ మీఠా, రెండు రకాల ఐస్‌క్రీములు. అప్పుడు అశ్వినికి కొంచెం చిత్రంగా అనిపించినా, పిల్లలకు ఉత్సాహం ఉంటుందిలే అని తలూపింది. అదిగో, ఆ తల ఊపడమే కొంప ముంచింది.

ఈ నెల గెలిచింది మంజీర హాస్టల్. (హాస్టళ్ళకు నదుల పేర్లు పెట్టడంలో మాత్రం మేధావని వారు ఏ లోటూ చేయలేదు.) గిన్నెలు కడిగితే నీళ్ళు ఖర్చవుతాయని విందుకు థర్మకోల్ పళ్ళేలు పెట్టారు. మీరు సరిగ్గానే చదివారు. నీళ్ళు ఆదా చేయడానికి థర్మకోల్ పళ్ళేలు. ‘అతి తక్కువ వృథా’ అని రాసిన దండ మెడలో వేసుకుని, హాస్టల్ సెక్రటరీ రసజ్ఞ బల్లల మధ్య తిరుగుతూ అందరికీ కొసరి కొసరి వడ్డిస్తోంది. చలాకీ పిల్ల, కాకినాడ అమ్మాయి. అశ్విని అంటే ప్రాణం. మొదటి నుంచీ ‘తగ్గిద్దాం’ ముఠాలో ముందు నడిచింది ఆ అమ్మాయే.

“మేడమ్! కరెక్ట్ టైమ్‌కి వచ్చారండీ. గ్రూప్ ఫొటో మీ కోసమే ఆపాం,” అని ఎదురొచ్చి, వాసన తగిలి టక్కున ఆగిపోయింది.

అశ్విని డబ్బాను కాలితో పక్కకు నెట్టి, పచ్చసంచిని కాటా మీద పెట్టింది. సాంబారు కాటా అంచుల మీదుగా నేల మీదకు కారింది. బోర్డు మీద మంజీర హాస్టల్ పేరు పక్కన మెరుస్తున్న బుల్లి అంకె ఒక్కసారిగా ఎగబాకింది. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమని నవ్వి, పక్కవాళ్ళు పొడిస్తే ఊరుకున్నారు.

“ఎవరిది ఇది?”

పిల్లలు తేలు కుట్టిన దొంగల్లా పళ్ళేలలోకి చూస్తూ కూర్చున్నారు. కొంతమంది మాత్రం తినడం కూడా ఆపలేదు. ఆ కంపులో, ఆ నోళ్ళు ఎలా కదులుతున్నాయో అశ్వినికి అర్థం కాలేదు.

“అది నాదే మేడమ్,” అంది రసజ్ఞ. దండ మెడలోంచి తీసి చేతిలో నలుపుతోంది. “పొద్దున నేనే విసిరాను. కింద మీరున్నారని తెలీదండీ.”

“నేనున్నానని తెలిస్తే మానేసేదానివి. బస్తీవాళ్ళు ఉన్నారని తెలిసి మాత్రం మానలేదు.”

రసజ్ఞ ముఖం ఎర్రబడింది. తలొంచుకుంటుందనుకుంది అశ్విని. కానీ ఆ పిల్ల తలెత్తింది. “ఒక్క మాట చెప్పనా మేడమ్? కోప్పడొద్దు. వంట ఎప్పట్లాగే గంగాళాలకు గంగాళాలు వండుతున్నారు. వడ్డన ఎప్పట్లాగే పడుతోంది. తినలేనిది ఏం చేయాలండీ? డబ్బాలో వేస్తే బోర్డు మీద పడుతుంది. బోర్డు మీద పడితే హాస్టల్ మొత్తం నన్ను తింటుంది. మీరు రోజూ కాటా దగ్గర నించుని, డబ్బాలో ఏం పడిందా అని చూసేవారు. మా చేతిలో సంచులు ఎందుకంత బరువుగా ఉన్నాయని ఎప్పుడైనా అడిగారా?”

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే, అడగలేదు. అంకె తగ్గుతుంటే చూసి మురిసిపోయింది. ఆ అంకెను నలుగురికీ చూపించి మెప్పులు పొందింది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఇన్నాళ్ళకు తన కాటా మీదే కనిపించింది.

“వంట తగ్గించమని అడగలేకపోయారా?”

“అడిగాం మేడమ్. అందరం కలిసి వెళ్ళి రిజిస్ట్రార్‌గారిని అడిగాం. ఆయన నవ్వి...” రసజ్ఞ ఆగిపోయింది. ఆమె చూపు అశ్విని భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళింది.

గుమ్మంలో రామబ్రహ్మంగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నుదుటన సన్నటి కుంకుమ, పెదవుల మీద ఎప్పుడూ ఉండే చిరునవ్వు. ఆయన కోపంగా మాట్లాడటం ఎవరూ వినలేదు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని పుట్టిన మనిషి.

“అశ్వినమ్మా, పండగపూట పిల్లల్ని ఏమిటండీ ఇలా బెదరగొడుతున్నారు? ముందు చేతులు కడుక్కోండి. ఒకసారి నా గదికి రండి.”

సబ్బు పెట్టి రెండుసార్లు కడిగినా చేతుల కంపు పోలేదు. గదిలో ఏసీ చల్లగా నడుస్తోంది, మల్లెపూల సెంటు ఏదో చల్లి ఉంది. సాంబారు కుళ్ళు, మల్లెలు కలిసి ఇంకో కొత్త వాసన పుట్టింది.

“పిల్లలు సంచులు గోడ అవతల పడేస్తున్నట్టు మీకు ముందే తెలుసా సార్?”

“తెలియకపోవడమేంటమ్మా? గోడ మీద కెమెరాలు పెట్టించింది నేనేగా.”

“తెలిసీ ఆపలేదా?”

“ఎందుకు ఆపాలండీ?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. కుర్చీ ముందుకు జరుపుకుని, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పారు. “ఆ కుంట మనకు ఆనుకునే ఉంది. ఎప్పటి నుంచో అడగాలని మాకు ఉంది. చుట్టూ కంచె వేసి, తామరలు పెంచి, నడవడానికి బాట వేసి, పక్కనే ఒక గెస్ట్‌హౌస్ కట్టుకుంటే మేధావనికి ఎంత అందమో ఆలోచించండి. కానీ బాగున్న కుంటను సర్కారువాళ్ళు ఎవరికీ దత్తత ఇవ్వరమ్మా. కంపు కొట్టే కుంట అయితే బతిమాలి మరీ ఇస్తారు.”

అశ్విని ఆయన ముఖంలోకి చూసింది. ఏదైనా సిగ్గు, ఏదైనా జంకు కనిపిస్తుందేమోనని వెతికింది. ఏమీ లేదు. నున్నగా గీసుకున్న గడ్డం మాత్రం ఉంది.

“అందుకని పిల్లల చేత పాడుచేయించారా?”

“అబ్బే, నేనేం చేయించలేదండీ. నేను చేసిందల్లా ఊరుకోవడం. పాడుచేసింది మీ పోటీ. ఆ మాటకొస్తే మీకు మేం ఋణపడి ఉండాలి.” ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. “రేపు తెల్లారగట్ల జేసీబీ వస్తుంది. ముందు కంచె పడిపోవాలి. అనుమతులు నెమ్మదిగా తెచ్చుకోవచ్చు. ఊరంతా సమ్మె, ఆఫీసులన్నీ బంద్. అడిగే నాథుడు లేడు. ఇలాంటి అదను మళ్ళీ రాదమ్మా.”

“రేపు అక్కడ బతుకమ్మ ఆడతారు సార్.”

“ఇంకో కుంట చూసుకుంటారులెండి. ఈ ఊళ్ళో కుంటలకేం కరువు?”

సమ్మెలో వాళ్ళు అన్నం మానుకుని రోడ్ల మీద కూర్చుంటే, ఆ సందులో ఈయన వాళ్ళ కుంట చుట్టేస్తాడు! ఉద్యమం గురించి అశ్వినికి ఇంతవరకు గట్టి అభిప్రాయమేమీ లేదు. సీమ నుంచి బతకడానికి వచ్చిన మనిషి, ఎవరేమంటే ఏమొస్తుందోనని నోరు మూసుకుని తిరిగింది. నీళ్ళు, నిధులు అని వాళ్ళు ఎందుకు గొంతు చించుకుంటున్నారో ఈ చల్లటి గదిలో, ఈ మల్లెల కంపులో ఆమెకు సుబ్బరంగా అర్థమైంది.

“ఇంకో సంగతి,” అని రామబ్రహ్మంగారు లేచి వెనక కిటికీ పరదా జరిపారు. “ఇంత మంచిపని మీ పేరు మీదే జరుగుతోంది. అసలే రోజులు బాగాలేవు. నేను ముందు నిలబడితే ఆంధ్రావాడు కుంట మింగాడంటారు. మీరైతే ఆడపిల్ల, పర్యావరణం పాఠాలు చెబుతారు, నవ్వు ముఖం. ఒక్క మాట అనలేరు ఎవరూ. ఎలాగూ ఈ నెలాఖరుకు మీ ఉద్యోగం పర్మనెంట్ చేస్తున్నాం కదా.”

కిటికీలోంచి వెనకగోడ కనిపిస్తోంది. గోడ మీద ఇద్దరు మనుషులు ఆఖరి తాళ్ళు బిగిస్తున్నారు. బస్తీ వైపు తిప్పి కడుతున్న పెద్ద ఫ్లెక్సీ గాలికి ఒకసారి మెలి తిరిగి, దానిమీది బొమ్మ ఇటు కనిపించింది.

అశ్విని. సంచులు పంచిన రోజు తీసిన ఫొటో. రెండు చేతులూ జోడించి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. కింద బారెడు అక్షరాలు: ‘మొగిలికుంటను కాపాడుకుందాం. బస్తీవాసులు కుంటలో చెత్త వేయరాదు.’ దాని కింద ‘సారథి’ అని రాసి, పక్కన ఆమె పేరు.

కుంట గట్టు మీద కలిగిన ఏవగింపు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అక్కడ కంపుకు ముక్కు మూసుకోగలిగింది. తన ముఖాన్ని ఏం పెట్టి మూసుకుంటుంది? ఛీ, ఏం నవ్వు అది! పందులకు మేత వేసి నవ్వుతున్నట్టుంది.

“ఆ బొమ్మ దించమనండి,” అంది. కోపమొస్తే ఆమె నోట ఊరి మాట వచ్చేస్తుంది. “ఇప్పుడే దించమనండి. మీకు అన్నం ఎట్లా సహిస్తాది సార్?”

“బిర్యానీ బాగా కుదిరిందమ్మా. మీరూ నాలుగు ముద్దలు తిని, ఇంటికెళ్ళి పడుకోండి. రేపటికి అన్నీ సర్దుకుంటాయి,” అన్నారాయన, చిరునవ్వు చెక్కుచెదరకుండా.

అప్పుడే ముందుగేటు వైపు నుంచి కేకలు వినిపించాయి. ఆడవాళ్ళ గొంతులు. జనరేటర్ రొదను కూడా దాటుకుని ఒక గొంతు స్పష్టంగా వచ్చింది.

“బ్యానర్‌ల ఇకిలించుకుంట ఉన్నామెను బయటికి తోలుండ్రి!”

రామబ్రహ్మంగారు ఫోన్ అందుకున్నారు. అశ్విని ఆయన మాటలు వినడానికి ఆగలేదు. మెస్‌లోకి వెళ్ళి కాటా మీది సంచి తీసుకుంది. రసజ్ఞ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. “వెళ్ళకండి మేడమ్, వాళ్ళు కొడతారండీ. నేను చేసిందానికి మిమ్మల్ని కొడతారు!” అంటూ ఏడ్చేసింది. అశ్విని చెయ్యి విడిపించుకుని, “నువ్వు చేసింది ఒక్క సంచి. మిగతావన్నీ నేను పంచినవే,” అని బయటికి నడిచింది.

గేటుకు గొలుసు వేసి ఉంది. లింగయ్య ముఖం వాడిపోయింది.

“సార్ ఫోన్ చేసిండు మేడమ్. నువ్వు బయటికి పోతే మళ్ల లోపటికి రానియ్యొద్దన్నడు. జర సోచాయించుకో. నౌకరీ గిట్ల పోగొట్టుకుంటవా?”

అశ్విని ఒక క్షణం ఆగింది. ఆగలేదని రాస్తే అబద్ధమవుతుంది. పర్మనెంట్ అయిన రోజు ఊరికి ఫోన్ చేసి ఏ మాటలతో చెప్పాలో కూడా ఆమె అనుకుని పెట్టుకుంది. నాన్న తిమ్మప్ప ఆ ఫోన్ కోసం చూస్తున్నాడు. తర్వాత చేతిలోని సంచి నుంచి ఏదో చల్లగా మోకాలి మీదికి కారింది.

“తియ్యి లింగయ్యా.”

బయట రత్నమ్మ, ఆమె వెనక బస్తీ ఆడవాళ్ళు. అశ్విని అడుగు బయట పెట్టగానే రత్నమ్మ ఆమె కాళ్ళ దగ్గర ఉమ్మేసింది.

“నమ్మక్కా అన్నవ్ గదనే! పొద్దుగాల అక్కా అని పిలిచినవ్. నాలిక తడి ఆరలే, మేము చెత్త ఎయ్యొద్దని మాకే బ్యానర్ కట్టిచ్చినవ్. దొంగే దొంగ దొంగ అని ఒర్లినట్టు! నవ్వుకుంట దండం కూడా పెట్టినవ్. థూ, నీ బతుకు!”

“నాకు తెలీదక్కా,” అంది అశ్విని. అనగానే ఆ మాట మీద ఆమెకే అసహ్యమేసింది. తెలీదు అనేది తప్పించుకునేవాళ్ళ మాట. రసజ్ఞా ఇందాక అదే అంది. అందుకని మళ్ళీ చెప్పింది. “తెలీకపోవడం నా తప్పే. చెత్త వేసింది మా పిల్లలు. సంచులిచ్చింది నేను. ఊరుకున్నది మా పెద్దాయన. రేపు తెల్లారేసరికి జేసీబీ వస్తాది. కుంట చుట్టూ కంచె పడతాది. మీరు సాయంత్రం బతుకమ్మలు తెచ్చేసరికి లోపలికి పోవడానికి దోవ కూడా ఉండదు.”

ఆడవాళ్ళలో కలకలం రేగింది. “అయ్యో, పండుగనాడా!” అని ఎవరో గుండెలు బాదుకున్నారు. “అందరు సమ్మెల ఉన్నరని చూసి గింత పని చేస్తరా!” అని ఇంకొకామె దుమ్మెత్తి పోసింది. రత్నమ్మ మాత్రం అశ్విని చేతిలోంచి సంచి లాక్కుంది. దాన్ని చూసింది, అశ్విని మోకాలి మీద కారిన మరకను చూసింది, ఆమె వెనక మూసుకున్న గేటును చూసింది. ఈ మనిషికి ఇక లోపల చోటు లేదని అర్థమైనట్టుంది. గొంతు తగ్గించింది.

“జిమ్మ నీదే అన్న గద పొద్దుగాల. ఇగ నువ్వే చెప్పు. బతుకమ్మను ఏడ ఎయ్యాలె?”

అశ్విని వెనక్కి తిరిగింది. గేటు ఊచల్లోంచి నీలం పలకల కొలను కనిపిస్తోంది. ఫౌంటెన్ ఆడుతోంది. ఒక్క ఆకు లేదు నీళ్ళలో, ఒక్క మెతుకు లేదు.

“అక్కడ వేయండి,” అంది చెయ్యి చాపి. “ఆ నీళ్ళు మీ కుంటవే. బోర్లేసి లోపలికి తోడుకున్నారు.”

ఒక్కసారిగా అందరి చూపులూ ఆ కొలను మీద పడ్డాయి.

ముందుగా కదిలింది రత్నమ్మ. కొంగు నడుముకు దోపుకుంది. “రేపటిదాంక ఎందుకే? ఇయ్యాల్టి బతుకమ్మలు ఇండ్లల్ల పేర్చే ఉన్నయ్. పోయి తీస్కరాండ్రి,” అంది వెనక ఉన్నవాళ్ళతో. తర్వాత ఊచల దగ్గరికి వచ్చి లోపలి మనిషిని పలకరించింది. “ఏం లింగయ్యా, మీ ఇంటామె బతుకమ్మ పేర్చిందా?”

“పేర్చిందక్కా,” అన్నాడు లింగయ్య నీళ్ళు నములుతూ. “పొద్దుగాల అంబటాల్లనే పేర్చింది.”

“మరి ఏడ ఏస్తదట?”

గేటు పక్క గదిలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఎవరు చేస్తున్నారో, ఏం చెబుతారో లింగయ్యకు తెలుసు. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. లింగయ్య ఫోన్ వైపు చూశాడు, కొలను వైపు చూశాడు. అతని చెయ్యి మాత్రం గేటు గొలుసు మీదే ఉంది.